పలచని పుల్లలు

"ఇది మన పుల్ల. ఇది ఆసుపత్రి పుల్ల. నన్నడగొద్దు, నీ బొటనవేలితో నువ్వే చూసి చెప్పు," అంది భార్య.

పెద్దమేస్త్రి వేలు కదపలేదు. చల్లారిపోయిన జావగిన్నె ముందు కూర్చుని, జావ మీద కట్టిన పొరను చెంచాతో అవతలికి తోసి, మళ్ళీ ఇవతలికి లాగాడు.

బల్ల మీద రెండు పుల్లలూ పక్కపక్కన పడి ఉన్నాయి. ఒకటి మొరటుది. నిన్న ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఆవిడ కట్టగట్టి సంచిలో పడేసిన వాటిలోది. ఆవిడకి ఈ ఇంట్లో దవడ టీచరని పేరు. రెండోది నున్నటిది, అంచులు గుండ్రంగా తిప్పినది. ఇంటి ముందున్న వడ్రంగం షెడ్డులో మేలు చెక్కతో తయారైంది. విడివిడిగా చూస్తే రెండిటి మందమూ ఒకటే అనిపిస్తుంది. పక్కన పెట్టి చూస్తే నున్నటిది లంఖణాలు చేసి లేచినట్టుంది.

"చెప్పవేం?"

"ఏం చెప్పను? పల్చగా ఉంది."

"పల్చగా ఉందట! బయట వాన పడుతోంది అన్నట్టు చెప్తున్నాడు చూడవే," అంది ఆవిడ కూతురి వైపు తిరిగి. "ఎవరు చేశారు పల్చన?"

"నాకేం తెలుసు?"

"పెట్టుకునే నోరు నీది. పట్టుకునే చెయ్యి నీది. మధ్యలో నాకు తెలియాలా?"

అతని మాట పళ్ళ సందులోంచి నలిగి నలిగి బయటికొస్తుంది. ఇంట్లో వాళ్ళకి తప్ప సగం అర్థం కాదు. మామూలప్పుడు ఎలాగో గడిచిపోతుంది గాని, పోట్లాటలో మాత్రం చాలా ఇబ్బంది. గట్టిగా అరవాలంటే ముందు నోరు తెరుచుకోవాలి కదా.

బుగ్గ లోపలి పుండు కోసి తీసేశారు. తర్వాత ఆ చోట కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఆ కరెంటు పెట్టినన్నాళ్ళూ ఈ ఇంటికి వంక పెట్టడానికి లేదు, చెప్పింది చెప్పినట్టు చేశారు. పుచ్చిన పళ్ళు ముందే పీకించారు. మెడ మీద బ్లేడు ఆనించలేదు. వాసన సబ్బునీ పౌడర్నీ గడప దాటించారు. మెడకి ఏమీ ఒరుసుకోకుండా కాలరు లేని మెత్తటి చొక్కాలు భార్యే కుట్టింది. ఉప్పూ సోడా కలిపిన నీళ్ళు పుక్కిలించీ పుక్కిలించీ అతను మంచినీళ్ళ రుచే మర్చిపోయాడు. ఆఖరి రోజు మొహానికి తొడిగే జల్లెడలాంటి ముసుగు ఊడదీసి, ఇక రానక్కర్లేదన్నారు. పరామర్శకొచ్చిన వాళ్ళందరూ "అయిపోయింది కదా, ఇంకేం!" అన్నారు. ఇంకేం అన్నవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

అసలు పని అప్పుడే మొదలవుతుందని దవడ టీచరు చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. కరెంటు తగిలిన కండ, కరెంటు ఆగిపోయాక కూడా నెలల తరబడి లోపల్లోపల బిగుసుకుంటూనే ఉంటుందట. రోజూ సాగదీస్తూ ఉండకపోతే దవడ మూసుకుపోతుందట. అందుకే ఈ పుల్లలు. వాటిని దొంతిగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోవాలి. ఓపిక పట్టి, మధ్యలోకి ఇంకో పుల్ల తోయాలి. దొంతి తగ్గకుండా చూసుకుంటే నోరు దక్కుతుంది.

ఈ ఇంట్లో దొంతి ఎప్పుడూ తగ్గలేదు. ఇరవై పుల్లలు. నిన్నటికి కూడా ఇరవై పుల్లలే.

నిన్న ఆసుపత్రిలో దవడ టీచరు తన పుల్లలు పెట్టి చూస్తే పద్నాలుగు దగ్గరే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కాగితపు స్కేలు పళ్ళ మధ్య నిలబెట్టి, పాత కొలత చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఇంట్లో ఒక నోరు దాచుకుని, ఇక్కడికి ఇంకో నోరు తెచ్చుకుంటున్నారా మేస్త్రిగారూ?" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

డాక్టరైతే అసలే నవ్వలేదు. టార్చి వేసి, తల అటూ ఇటూ వంచి, ఉన్న సందులోంచే చూడబోయాడు. "వెనక పంటి అవతల తెల్లగా ఏదో ఉంది. మానిన మచ్చో, కొత్తగా వచ్చిందో ఇంత సందులోంచి చెప్పలేను. వచ్చే వారం రండి. అప్పటికీ తెరుచుకోకపోతే మత్తిచ్చి తెరవాల్సి ఉంటుంది," అన్నాడు.

ఇవాళ పొద్దున్న లేవగానే భార్య రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టింది.

"చిన్నమేస్త్రిని పిలువు," అంది ఆవిడ కూతురితో. "కోసేది వాడే కదా. వాణ్ణే అడుగుదాం."

"నాకు షాపుకి టైమవుతోందమ్మా."

"మీ షాపులో కళ్ళజోళ్ళు ఓ గంట ఆలస్యంగా పెట్టుకుంటే ఎవరికీ కళ్ళు పోవు. పిలువు."

చిన్నమేస్త్రి పెద్దమేస్త్రికి తమ్ముడు. షెడ్డులోంచి వస్తూ వస్తూ గుమ్మం దగ్గరే ఆగి కాళ్ళకంటిన పొట్టు దులుపుకున్నాడు. ఎప్పుడూ దులుపుకోడు. ఇవాళ దులుపుకోవడంలోనే ఏదో ఉందని భార్యకి అనుమానం తగిలింది.

"ఏం వదినా?"

"ఈ రెండూ చూడు మరిదీ."

చూశాడు. చూసి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"మనది కాస్త సన్నగా వచ్చినట్టుంది."

"కాస్తా?"

పెద్దమేస్త్రి అప్పుడు నోరు విప్పాడు. "కొలత ముక్క ఏదిరా?"

"ఏ ముక్కన్నా?"

"మొదటి ముక్క. ఆసుపత్రి వాళ్ళిచ్చింది."

"అది విరిగిపోయింది కదా. నువ్వే కొరికి విరగ్గొట్టావ్."

"అయితే దేన్ని పెట్టి చేస్తున్నావు?"

"మనం చేసిన దాన్నే పెట్టి." చిన్నమేస్త్రి గొంతు తగ్గింది. "ఉడకబెట్టీ ఉడకబెట్టీ వారానికే మెత్తబడిపోతున్నాయి కదా. కొత్త కట్ట చెయ్యాలంటే పాత కట్టలోంచి ఒక పుల్ల తీసి కొలత పెట్టుకున్నా. ఆ తర్వాత కట్టకి దాంట్లోంచి ఇంకోటి..."

పెద్దమేస్త్రి చెంచా గిన్నెలో పడేశాడు. జావ చింది బల్ల మీద పడింది.

ఆసుపత్రి పుల్లలు వద్దన్నది అతనే. "ఈ గరుకు చెక్కని నా నోట్లో పెట్టుకోవాలా? వడ్రంగి ఇంట్లో పుల్లలకి కరువా?" అని ఆ కట్టను అక్కడే వదిలేసి, మాదిరికని ఒక్కటే తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఒక్కటి కూడా లేదు. నకలు పెట్టి నకలు తీయకూడదని పనిలో చేరిన మొదటి రోజే ఎవరికైనా చెప్పేవాడు. కిటికీ రెక్కలు పది చెయ్యాలంటే పదింటికీ మొదటి ముక్కే కొలత. మొదటిదాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది చేసుకుంటూ పోతే పదోది ఏ కిటికీకీ పట్టదు.

"తలుపులకి ఈ పని చేసుంటే చేతులు విరగ్గొట్టేవాణ్ణి కదరా!"

"తలుపుకి నొప్పి తెలీదు కదన్నా," అన్నాడు చిన్నమేస్త్రి.

అనేసి నాలుక కరుచుకున్నాడు. భార్య ఆ మాటను కింద పడనివ్వలేదు.

"ఒక్క నిమిషం మరిదీ. కొలత తప్పితే ఒకసారి మందంగా, ఒకసారి సన్నంగా రావాలి. అవునా?"

"అవును."

"మరి ప్రతిసారీ సన్నంగానే ఎందుకొచ్చింది?"

చిన్నమేస్త్రి గోడ వైపు చూశాడు. ఆ గోడకి అవతల అతని గది. అతని మంచమూ ఆ గోడకే ఆనించి ఉంటుంది.

"మాట్లాడవేం?"

"ఆఖర్లో చిత్రిక ఇంకో పట్టు పట్టేవాణ్ణి," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటి వదినా! నీకు వినపడదా ఏంటి? ఆ గోడ ఏమన్నా కోటగోడా? అన్న పుల్లలు పెట్టుకుని మూలుగుతుంటే నాకు అన్నం దిగేది కాదు. ఒక్క పట్టు. వెంట్రుకంత. వెంట్రుకంతలో ఏముందిలే అనుకున్నా."

"వెంట్రుకంత!" భార్య అరచేత్తో బల్లను చరిచింది. ఈ ఇంట్లోకి కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ బల్లను చరచడం ఎవరూ చూడలేదు. "మీ అన్న నోరు వెంట్రుకంత వెంట్రుకంత మూసుకుపోయింది. దానికి నువ్వు చిత్రిక పట్టావు. జాలిపడ్డాడట! ఆ జాలేదో నాలుగు రోజులు ఆసుపత్రికి తోడు వచ్చి చూపించలేకపోయావా?"

"షెడ్డు ఎవరు చూస్తారు వదినా?"

"షెడ్డు! ఆ షెడ్డులో మనిషి నోరే కోసేశావు!"

"అమ్మా," అంది కూతురు.

"నువ్వుండవే."

"అమ్మా, బాబాయ్ వెంట్రుకంత కోశాడు, సరే. వాటిని రోజూ కిటికీ దగ్గర కూర్చుని గరుకు కాగితం పెట్టి రుద్దేదెవరు?"

"పేళ్ళు గుచ్చుకుంటాయని కదే," అంది భార్య. "లోపలంతా పచ్చిగా ఉంది. ముట్టుకుంటే రక్తం వస్తోంది."

"రోజూనా?"

"రోజూ ఉడకబెడితే రోజూ పీచు లేస్తుంది. అందుకని..." ఆవిడ తన వేళ్ళ వంక చూసుకుంది. "ఒక్క రుద్దుకి ఎంత పోతుందే?"

ఎంత పోతుందో ఆ గదిలో ఇద్దరు వడ్రంగులకీ తెలుసు. ఒక్క రుద్దుకి ఏమీ పోదు. ఆవిడ మధ్యాహ్నమంతా రేడియో వింటూ, పుల్ల పట్టులా మెరిసేదాకా రుద్దుతుంది. చెక్క పట్టులా ఊరికే మెరవదు, అరిగితేనే మెరుస్తుంది.

చిన్నమేస్త్రికి కొంచెం ఊపిరాడింది. అన్యాయమే గాని, తప్పు పంచుకునే మనిషి దొరికితే ఎవరికైనా అంతే.

"చూశావా వదినా," అనబోయాడు.

"నోర్ముయ్," అంది ఆవిడ.

పెద్దమేస్త్రి ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపం రావాలి. రావడం లేదు. కరెంటు పెట్టాక తలలో ఏదో దూది కూరినట్టుంటుంది. మాటలు చెవికి చేరడానికీ, చెవి నుంచి మనసుకి చేరడానికీ మధ్యలో ఎక్కడో ఆగి కూర్చుంటాయి. వీళ్ళు తనని మోసం చేశారా? మేలు చేశారా? మోసమైతే తిట్టాలి. మేలైతే ఏం చెయ్యాలి? తమ్ముడు కోశాడు, పెళ్ళాం రుద్దింది, తను కొరికాడు. మూడు చేతులూ తిరిగిన పుల్ల. అందులో ఎవరి వంతు ఎంత?

"నాన్నని కూడా అడగండి," అంది కూతురు.

"నన్నేం అడగాలే?"

"డబ్బాలో చెయ్యి పెట్టి వెతికేవాడివి నాన్నా. నేను చూశాను. ఒకటి తీసి, మళ్ళీ లోపల పడేసి, ఇంకోటి తీసేవాడివి. అన్నీ ఒకటే కదా, దేనికి వెతుకుతున్నాడా అనుకునేదాన్ని." ఆ పిల్ల గొంతులో నేరం మోపుతున్న ధ్వని లేదు. అదే అతనికి ఎక్కువగా తగిలింది. "పాత కట్టవీ కొత్త కట్టవీ కలిసి ఉండేవి కదా డబ్బాలో. నువ్వు పల్చటివే ఏరుకునేవాడివి. కదా?"

పెద్దమేస్త్రి లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. బల్ల మీది నున్నటి పుల్ల అతని చేతిలోనే వెళ్ళింది.

* * *

షెడ్డులో సగం అయిన అలమారా ఒకటి వెల్లకిలా పడుకుని ఉంది. దాని అరలో కూర్చున్నాడు. ఇంకొకరెవరైనా అలా కూర్చుంటే అతనే తిట్టి లేపేవాడు.

పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి జరిపాడు.

ఆ బొటనవేలికి కళ్ళున్నాయని పనివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. కళ్ళు మూసుకుని పలక మీద వేలు రాస్తే చాలు, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేవాడు. స్కేలు పెట్టి చూసుకున్నవాళ్ళు స్కేలునే అనుమానించేవాళ్ళు గాని అతని వేలిని కాదు. అలాంటి వేలు ఇన్ని రోజులు ఈ పుల్లల్ని పట్టుకుంది. అవి సన్నబడుతుంటే దానికి తెలియలేదా?

తెలిసే ఉంటుంది. వేలికి తెలిసి తనకి తెలియకపోవడం ఉంటుందా? వేలు తనది కాదా?

డబ్బాలో చెయ్యి పెట్టిన సంగతి గుర్తుంది. తీసిన సంగతి గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎంత తవ్వినా దొరకడం లేదు.

భార్య వచ్చి చిత్రిక పొట్టులో కాళ్ళు పెట్టి నిలబడింది. ఆ తర్వాత అలమారా అంచు మీద కూర్చుంది. అలమారా కిర్రుమంది.

"వాడు ఈ కీలు సరిగ్గా బిగించలేదు," అన్నాడతను.

"కీలు సంగతి తర్వాత. నీకు తెలుసా?"

"ఏమో."

"ఏమో ఏంటి? తెలిస్తే తెలుసు, తెలీకపోతే తెలీదు."

"తెలుసో తెలీదో తెలీదు."

"నాతో వెటకారాలొద్దు."

"వెటకారం కాదే. నిజంగానే. చేతికి ఏదొస్తే అది తీస్తున్నాననుకున్నా. వెతికానని పిల్ల అంటోంది. వెతికే ఉంటాను. అది అబద్ధం చెప్పదు."

"నొప్పికి భయపడ్డావా?"

అవునంటే సరిపోతుంది. ఆవిడ కూడా అదే మాట కోసం ఎదురుచూస్తోంది. నొప్పికి భయపడ్డానంటే కాసేపు తిట్టి, తర్వాత దగ్గరికి తీసుకుంటుంది. అతనికి అది తెలుసు. అవునందామనే అనుకున్నాడు.

"నాలుక్కి తగులుతోంది," అన్నాడు.

"ఏంటి?"

"వెనక. పంటి అవతల. గరుగ్గా."

ఆవిడ అతని వైపు తిరగలేదు. ఎదురుగా గోడకి వేలాడుతున్న రంపాల వంకే చూస్తూ ఉంది.

"ఆ డాక్టరు తెల్లగా ఉందన్నదేనా?"

"అదే అయ్యుంటుంది."

"నిన్నట్నుంచా?"

అతను పుల్లను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్నట్నుంచా అని అడుగుతున్నాను."

"కాదు."

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళయింది."

"కొన్నాళ్ళంటే? పుల్లలు పల్చనవడం మొదలయ్యాకా, అంతకు ముందా?"

"అవి ఎప్పుడు మొదలయ్యాయో నాకేం తెలుసే? ఆ కోసేవాణ్ణడుగు."

"మళ్ళీ వాడి మీద పెట్టకు!" ఆవిడ గొంతు షెడ్డు రేకులకి తగిలి తిరిగొచ్చింది. ఇంటి వైపు కిటికీలో ఎవరో కదిలారు. ఆవిడ గొంతు దించింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చూస్తావు."

"చూస్తాను. చూడక?"

"అందుకే."

ఆవిడకి అప్పుడు అర్థమైంది. అర్థమైనట్టు ఆవిడ భుజాలు చెప్పాయి. ఇన్నాళ్ళూ ఆవిడ తలుపు మూసుకుపోతోందని బాధపడుతోంది. లోపలి నుంచి గడియ పెడుతున్న మనిషి ఒకడున్నాడని అనుకోలేదు.

"నోరు మూసుకుపోతే ఎవరూ చూడలేరనుకున్నావా?"

"అలా అనుకోలేదు."

"మరి?"

"అసలేమీ అనుకోలేదే. నన్ను నమ్ము. ఏదైనా అనుకుని చేస్తే నాకే తెలిసేది కదా."

అది నిజమో కాదో అతనికే తెలియదు. చెబుతున్నప్పుడు నిజంలాగే ఉంది.

ఆవిడ తిడుతుందనుకుని మెడ వంచి కూర్చున్నాడు. వంచితే మెడలో తాడు బిగిసినట్టు లాగింది. మెడ వ్యాయామం కూడా వారం నుంచి ఎగ్గొడుతున్నాడు. అది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

"ఆ జావ నీ నోట్లో పోయడానికి నేను చెంచాలు మారుస్తున్నాను," అంది ఆవిడ. కోపంగా కాదు, ఇంటి సామాను సంగతి చెబుతున్నట్టు. "ముందు పెద్ద చెంచా. తర్వాత టీ చెంచా. ఇప్పుడు పిల్ల చిన్నప్పటి మందు చెంచా. రేపు ఏ చెంచా? గొట్టమే కదా. ముక్కులో గొట్టం పెట్టుకుని, లోపల ఏముందో తెలీకుండా కూర్చుంటావా? నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండాలా?"

"గట్టిగా అనకే."

"గట్టిగా అనడం లేదు. వింటున్నావా, అసలు గట్టిగానే అనడం లేదు."

నిజమే. ఆవిడ చాలా నెమ్మదిగా అంది. అతనికే గట్టిగా వినపడింది.

ఆవిడ లేచి చీరకంటిన పొట్టు దులుపుకుంది.

"పద."

"ఎక్కడికి?"

"కిటికీ దగ్గరికి. అక్కడైతే వెలుగుంటుంది."

"వచ్చే వారం డాక్టరు చూస్తాడు కదా."

"వచ్చే వారానికి నువ్వు నోరు కుట్టించుకుని తయారవుతావు. పద."

* * *

కిటికీ దగ్గర కుర్చీ వేశారు. కూతురు షాపుకి వెళ్ళలేదు. వేడి నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, తన చెంపకి ఆనించి వేడి చూసుకుని, తండ్రి దవడ మీద పెట్టింది. కరెంటు పెట్టిన వైపు చర్మానికి వేడి సరిగ్గా తెలియదని, గుడ్డ గోరువెచ్చగానే ఉండాలని దవడ టీచరు చెప్పింది ఆ పిల్ల మర్చిపోలేదు.

చిన్నమేస్త్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియడం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అంతకన్నా తెలియడం లేదు.

"ఆ మూల నిలబడి ఏం చేస్తావు? ఇలా వచ్చి మీ అన్న తల పట్టుకో," అంది భార్య.

"నేనా?"

"వెంట్రుకలు కొలిచే చేతులు కదా. పట్టుకో."

చిన్నమేస్త్రి వచ్చి వెనక నిలబడి అన్న తలను రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ తలను పట్టుకుని భుజాల మీద ఊరేగేవాడు. ఇప్పుడు దానికి బరువే లేదు.

"లాగుతున్నట్టుండాలి. చించుతున్నట్టు కాదు," అంది కూతురు. "చించుతున్నట్టుంటే చెయ్యెత్తు నాన్నా. మొండికెయ్యొద్దు. మొండికేస్తే లోపల చిరిగి ఇంకా గట్టిపడుతుందట."

"నీ టీచరు లేని లోటు తీరుస్తున్నావు."

"నోరు తెరిచావుగా, అలాగే ఉంచు."

ఆసుపత్రి పుల్లలు మొరటుగా ఉన్నాయి. పెదవికి తగలగానే అతని ఒళ్ళు బిగుసుకుంది. ముందు కొన్నిటిని దొంతిగా పట్టి భార్యే పెట్టింది. తర్వాత ఒకటి. ఆగింది. ఇంకొకటి. మెడ పక్కన నరం తీగలా లేచింది. చెవి కింద ఏదో చప్పుడైనట్టనిపించింది. బయట చప్పుడు కాదు, ఎముకలో చప్పుడు.

చెయ్యెత్తాడు.

ముగ్గురూ ఆగారు. ఎవరూ బతిమాలలేదు. "ఇంకొక్కటి నాన్నా" అని ఎప్పుడూ అనే కూతురు కూడా అనలేదు. గుడ్డ తీసి మళ్ళీ ముంచి మళ్ళీ పెట్టింది. అతను ముక్కుతో గాలి పీల్చుకున్నాడు. కాసేపటికి చెయ్యి దించాడు.

ఇంకొకటి దూరింది. దాని తర్వాతది దూరలేదు. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. భార్య బలవంతం చేయకుండా వెనక్కి తీసింది.

"చాలు," అంది. "ఇరవై కావాలని ఎవరేడ్చారు? ఇవి పక్కకి జరిపితే సందు వస్తుంది."

దొంతిని మెల్లగా మంచివైపుకి జరిపింది. పుండున్న వైపు, కరెంటు కాల్చిన వైపు, ఒక వేలు పట్టేంత చీకటి తెరుచుకుంది.

కూతురు టార్చి అందించింది.

భార్య మోకాళ్ళ మీద కూర్చుని, అతని గడ్డం కింద ఎడమచెయ్యి పెట్టి, తల వంచి లోపలికి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మొహం అతని మొహానికి ఇంత దగ్గరగా, ఇంత సేపు ఎప్పుడూ లేదు. ఆవిడ కనుపాపలో కిటికీ చిన్నగా కనిపించింది. కిటికీలో ఆకాశం ముక్క. ఆవిడ ఊపిరి పీల్చింది గాని వదలలేదు.

టార్చి కొంచెం ఎడమకి తిప్పింది. కొంచెం కిందకి. మళ్ళీ మొదటి చోటికే వచ్చి ఆగింది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఏముంది వదినా?" అన్నాడు చిన్నమేస్త్రి.

ఆవిడ వెనక్కి జరిగింది.

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదన్నానుగా. మానిన మచ్చే. పుల్లలు తీసెయ్, నొప్పెడుతుంటుంది."

కూతురు గట్టిగా ఊపిరి వదిలి, నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. చిన్నమేస్త్రి చేతులు అన్న తల మీద ఇంకాస్త బిగుసుకున్నాయి.

పెద్దమేస్త్రి మాట్లాడలేడు. నోటి నిండా చెక్క ఉంది. కళ్ళతోనే భార్య కళ్ళని వెతికాడు. ఆవిడ అతని చొక్కా గుండీని చూస్తోంది. గుండీ ఊడలేదు, వదులు కాలేదు, దానిలో చూడడానికేమీ లేదు. నిజంగానే ఏమీ లేకపోతే ఈ మనిషి ఇలా చూస్తుందా? ఏదైనా ఉంటే ఇంత మామూలుగా చెప్పగలదా? ఇన్నేళ్ళలో ఆవిడ అతనితో ఏ రోజు ఏ అబద్ధం చెప్పిందో తలుచుకుందామంటే ఒక్కటీ గుర్తు రావడం లేదు. చెప్పలేదో, తను పట్టుకోలేదో.

"ఏదీ, నన్ను చూడనీ," అన్నాడు చిన్నమేస్త్రి.

"నీకేం తెలుస్తుంది? డాక్టరువా?"

"నువ్వేమన్నా డాక్టరువా? టార్చి ఇటివ్వు వదినా."

"ఇవ్వను."

ఆర్పడం మర్చిపోయిన టార్చిని ఆవిడ వీపు వెనక దాచుకుంది. వెనక గోడ మీద వెలుతురు గుండ్రంగా పడి వణుకుతోంది. నోరు పెగలదీసుకుని కూర్చున్న మనిషి సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు లేదు. పెదవి చివర నుంచి చొంగ కారి చొక్కా మీద పడుతోంది.

పెద్దమేస్త్రి చెయ్యెత్తాడు.

"అయ్యో నాన్నా!" అని కూతురు పుల్లలు తీయడానికి ముందుకొచ్చింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ చెయ్యి నోటి వైపు వెళ్ళలేదు. భార్య వీపు వెనక్కి వెళ్ళింది. ఆవిడ గుప్పిట్లో వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి టార్చిని లాక్కుంది. లాక్కుని, తల తిప్పకుండానే, తన భుజం మీదుగా వెనక నిలబడ్డ తమ్ముడికి అందించాడు.